మేడ దిగిన కుర్చీలు

విదేశాంగ శాఖలో ఆమె అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. వెనకాల అందరూ కత్తెరమ్మ అనేవారు, ఎదురుపడితే మేడమ్ అనేవారు. ఏ దేశంలోని రాయబార కార్యాలయానికి ఎంతమంది మనుషులు కావాలి, ఎవరి కుర్చీ ఉంచాలి, ఎవరిది ఎత్తెయ్యాలి అని తేల్చే విభాగంలో ఆమె డిప్యూటీ డైరెక్టరు. కోత అన్న మాట వినిపిస్తే చాలు, ఫైలు నడుచుకుంటూ ఆమె బల్ల మీదికే వచ్చేది. సగం ప్రపంచంలో తమ ఆఫీసులు ఎలా ఉంటాయో, ఏ అంతస్తులో ఎవరి గది ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. తీరా చూస్తే ఆమె దేశం దాటింది లేదు సరికదా, విమానం మెట్టు కూడా ఎక్కింది లేదు.

అందుకే డైరెక్టరు పిలిచి, "ఈసారి కాగితాల మీద వద్దు. మీరే వెళ్ళి కళ్ళారా చూసి రండి" అన్నప్పుడు ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ సంబరంలో ఏ ఊరని అడగడం కూడా మరిచిపోయింది. ఆయన ఊరి పేరు చెప్పాక మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది.

"సార్, అక్కడ మా వదిన పనిచేస్తోంది. వీసాలు, పాస్‌పోర్టులు ఇచ్చే కాన్సులర్ విభాగం ఆవిడే చూస్తుంది. నేను వెళ్తే నలుగురూ నాలుగు మాటలంటారు."

"అననివ్వండి. సంతకం నాది, కళ్ళూ చెవులూ మీవి. మీ వదినగారి కుర్చీ సంగతి వస్తే దాన్ని విడిగా రాయండి, నేను తేలుస్తాను."

ఆ ఆఫీసు వ్యవహారం చాలాకాలంగా నలుగుతోంది. మేడ మీద ఉన్న వాణిజ్య విభాగానికి ఇంకో ఇద్దరు కావాలని అక్కడి రాయబారి ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నారు. ఇక్కడేమో ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి. కత్తెరమ్మ మనసుకు అప్పటికే ఒక మార్గం తట్టింది. వీసా దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే వస్తున్నాయి కదా, ఇక కింద కౌంటర్ల దగ్గర అయిదుగురెందుకు? ఇద్దరిని ఎత్తేసి, మేడ మీదికి ఒక్కరిని ఇస్తే రాయబారి నోరూ మూతపడుతుంది, శాఖ ఖర్చూ తగ్గుతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు. కాకపోతే ఆ కౌంటర్లు వదినవి.

ఇంట్లో ఈ మాట చెబితే భర్త నవ్వాపుకోలేకపోయాడు. "వెళ్ళు వెళ్ళు. మీ వదిన వడ్డించిన కంచం మాత్రం ముందు మీ అన్నయ్య చేత రుచి చూపించు" అన్నాడు.

విమానంలో ఆమె చిన్నపిల్ల అయిపోయింది. పక్కసీటు పెద్దమనిషి నిద్రపోవాలని చూస్తుంటే, "అదిగో మబ్బు! మనకి కింద ఉందండీ మబ్బు!" అని రెండుసార్లు లేపింది. మూడోసారి ఆయనే లేచి కూర్చుని చూపించసాగాడు.

అన్నయ్య వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. అతను వదిన ఉద్యోగం వెంబడి దేశాలు తిరిగే మనిషి. ఎక్కడికి బదిలీ అయినా ముందు వంటగది సర్దుకుంటాడు, తర్వాత ఊళ్ళో పాడైన కెమెరాలు బాగుచేసే పని వెతుక్కుంటాడు. ఆ రోజు కూడా వంట అతనిదే. వదిన ఆఫీసునుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఆడపడుచు ఎదురుగా కూర్చుంది. మర్యాదలో లోటు లేదు, ఆ మాటకొస్తే మర్యాదే కాస్త ఎక్కువైంది.

"ఇంకొంచెం వడ్డించుకో అమ్మాయ్. రేపటినుంచి మమ్మల్ని లెక్కపెట్టాలిగా, ఓపిక కావాలి."

"వదినా, నేను ఇంకా ఏమీ నిర్ణయించలేదు."

"అబద్ధం ఆడినా అతికినట్టుండాలి. మీ విభాగం వాళ్ళు బయల్దేరేముందే నిర్ణయించుకుంటారు" అంది వదిన. అంతలో అన్నయ్య పెరుగు గిన్నెతో రావడం చూసి ఆమెకే నవ్వొచ్చింది. "ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? అసలు మొగుడు వంట చేస్తున్నాడు, అర్ధమొగుడు ఉద్యోగం తీస్తోంది!"

ముగ్గురూ నవ్వారు. కానీ ఆ మాటలో సగం నిజమేనని కత్తెరమ్మకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే రాయబారి తన మేడ మీది సమావేశ గదిలో పెద్ద ఏర్పాటే చేశారు. నున్నగా దువ్విన తెల్లజుట్టు, మెత్తటి గొంతు, ఎవరు వచ్చినా గుమ్మం దాకా ఎదురొచ్చే మనిషి ఆయన. మేడ మీద పనిచేసేవాళ్ళంతా బల్ల చుట్టూ కూర్చున్నారు. వాణిజ్య అధికారి లేచి గోడ మీద తెరపై రంగురంగుల పటాలు చూపించడం మొదలుపెట్టాడు. ఎర్రగీత ఎటు వెళ్తోందో, నీలిగీత ఎందుకు పడిపోతోందో, ఇంకో ఇద్దరొస్తే ఆ నీలిగీత ఎలా ఆకాశాన్నంటుతుందో వివరిస్తున్నాడు. అతిథి మర్యాదలు చూసే ప్రోటోకాల్ అధికారి ప్రతి మాటకీ తలూపుతున్నాడు.

మధ్యలో కిటికీ అవతలినుంచి ఏదో హోరు వినిపించింది. మొదట గాలనుకున్నారు. తర్వాత ఈలలు, చప్పట్లు, ఎవరో పాడుతున్న గొంతు. రాయబారి మొహం చిట్లించి, "ఆ కిటికీ వెయ్యండి" అన్నారు. ప్రోటోకాల్ అధికారి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, దాన్ని వెయ్యకుండా అలాగే నిలబడిపోయాడు.

"సార్, వీధి కనిపించట్లేదు. అంతా జనమే."

అప్పుడే తలుపు తోసుకుని వదిన వచ్చింది. మెట్లన్నీ పరుగున ఎక్కినట్టుంది, ఊపిరి అందట్లేదు.

"సార్, పొద్దున రేడియోలో చెప్పారట! క్షమాభిక్ష! కాగితాల్లేకుండా ఇక్కడ ఉండిపోయినవాళ్ళంతా నెలాఖరులోగా జరిమానా లేకుండా, జైలు లేకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చట. నెలాఖరంటే ఎంతో లేదు సార్. మనవాళ్ళంతా కదిలి వచ్చేస్తున్నారు. పాస్‌పోర్టులు ఎవరి దగ్గరా లేవు, ప్రతి ఒక్కరికీ మనమే ప్రయాణపత్రం ఇవ్వాలి. కింద మేం అయిదుగురం!"

ఆ దేశంలో కట్టడాల మీద, తోటల్లో, ఇళ్ళల్లో పనిచేస్తూ, గడువు దాటిపోయి దొంగల్లా దాక్కుని బతుకుతున్న తమవాళ్ళు వేలల్లో ఉన్నారని అందరికీ తెలుసు. వాళ్ళందరికీ ఒక్కసారిగా తలుపు తెరుచుకుంది.

రాయబారి గడ్డం నిమురుకున్నారు. "చాలా సంతోషం. వెంటనే శాఖకు తంతి కొడదాం. అదనంగా పదిమందిని పంపమని రాయండి."

అనేశాక ఆయన కళ్ళు కత్తెరమ్మ మీదికి వెళ్ళాయి. అందరి కళ్ళూ అటే తిరిగాయి. ఎప్పుడూ ఇలాంటి కాగితం తన బల్ల మీదికి వారం తర్వాత వచ్చేది. పరిశీలించి, ఒక వివరణ అడిగి, తిప్పి పంపేది. ఇప్పుడు ఆ కాగితం పుట్టకముందే తను ఎదురుగా కూర్చుని ఉంది.

"తంతి వద్దండి" అంది. "అది చివరికి చేరేది నాకే. జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. మనుషులున్నారు. ఈ గదిలోనే ఉన్నారు."

వాణిజ్య అధికారి చేతిలో పటాలు చూపించే కర్ర అలాగే ఆగిపోయింది. "మాకా పని రాదండి మేడమ్. మాది వేరే..."

"నాకూ రాదు" అంటూ ఆమె లేచి తన కుర్చీని పైకెత్తింది. "కింద కూర్చోడానికి కుర్చీలు కూడా చాలవేమో, ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోండి. రాయబారిగారూ, వీళ్ళకి చెప్పాల్సింది మీరు. చెప్పే అధికారం నాకు లేదు. నేను ఈ వారమంతా ఇక్కడ ఎవరు ఏం చేశారో చూసి రాస్తాను, అంతే."

ఆ చివరి మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రాయబారి ఒక్క క్షణం ఆమెను తేరిపార చూశారు. తర్వాత కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించారు.

"పదండి" అన్నారు. "అందరూ."

అలా మేడ దిగింది ఆఫీసు. మెట్ల మీద కుర్చీలు, బల్లలు, కంప్యూటర్లు. ఇద్దరు గుమాస్తాలు ఫోటోకాపీ మిషన్ని ఇటు పట్టు, అటు పట్టు అని మోసుకొస్తుంటే వదిన కింద నిలబడి యుద్ధంలో సేనాపతిలా చెయ్యి ఊపుతోంది. "ఈ వరస వేలిముద్రలకి! ఈ వరస ఫోటోలకి! ఫోటోలు ఎవరు తీస్తారు?" ఆ పని కోసమే పుట్టినట్టున్న అన్నయ్యకు కబురు వెళ్ళింది. అతను మెడలో రెండు కెమెరాలతో, చేతిలో దుప్పటితో వచ్చి, దుప్పటి గోడకు కట్టి, "తర్వాత ఎవరు? నవ్వకండి, ప్రయాణపత్రంలో నవ్వకూడదు" అని మొదలుపెట్టాడు. నవ్వకుండా ఉండటం ఎవరివల్లా కాలేదు. ఇంటికి వెళ్తున్నామన్న సంతోషం పెదాల మీద ఆగదు కదా. ఒక్కొక్కరికీ మూడేసిసార్లు తీయాల్సొచ్చింది.

కత్తెరమ్మ గేటు దగ్గర నిలబడింది. ముసలివాళ్ళనీ చంటిపిల్లల తల్లులనీ ముందు పంపడం, నీళ్ళు అందించడం, తోసుకోవద్దని అరవడం. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. ఎవరో చెయ్యి పట్టుకుని, "అమ్మా, నిజంగానే పంపించేస్తారా? మళ్ళీ మాట మార్చరుగా?" అని అడుగుతుంటే, "పంపించేస్తాం. వరసలో నిలబడు నాన్నా" అంటూ పోయింది. జీవితంలో ఎన్నో ఆఫీసుల్లో ఎంతమందినో అటూ ఇటూ మార్చిన మనిషి, మనుషుల మధ్య ఇంతసేపు నిలబడటం ఇదే మొదలు. కాళ్ళు పీకుతున్నాయి. అయినా లోపల ఏదో డప్పు మోగుతున్నట్టుగా ఉంది. భోజనం మాట ఎవరికీ గుర్తురాలేదు.

చిక్కు మర్నాడు వచ్చింది. ఒక వెల్డరు, చేతినిండా కాలిన మచ్చలు, కౌంటరు ముందు నిలబడ్డాడు. పాస్‌పోర్టు నకలు లేదు, పాత చీటీ లేదు, ఏ ఆధారమూ లేదు. అతని ఎదురుగా కూర్చున్నది వాణిజ్య అధికారి.

"మన దేశం వాడివేనని నమ్మేదెలాగయ్యా?"

"మాట వింటున్నారుగా సార్."

"మాట ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇంట్లో ఎవరున్నారు?"

"అక్క ఉంది సార్. కానీ... నేను ఫోన్ చేసి చాలాకాలమైంది. మొహం చెల్లక."

వాణిజ్య అధికారి నంబరు అడిగి, తన ఫోన్లోనే కలిపి, అందరికీ వినిపించేలా పెట్టాడు. అవతల ఎవరో ఎత్తారు. వెల్డరు గొంతు సవరించుకుని, "అక్కా, నేనే" అన్నాడు.

అవతల తిట్లు మొదలయ్యాయి. "ఒరేయ్ సన్నాసీ! బతికే ఉన్నావురా? ఏ గంగలో దూకావురా ఇన్నాళ్ళూ? అమ్మ మంచం మీద నీ పేరే తలుచుకుంటోంది, తెలుసా నీకు? నిచ్చెన మీంచి పడి మోచెయ్యి విరిగితే నిన్ను వీపున మోసింది ఎవర్రా? నేను కాదూ? ఒక్క ఫోన్ చెయ్యడానికి నీ వేళ్ళు పడిపోయాయా?" ఆ తిట్లు ఆగలేదు. హాలంతా వింటోంది. కొందరు కిసుక్కున నవ్వుతున్నారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు. వెల్డరు తల వంచుకుని "ఊఁ అక్కా, ఊఁ అక్కా" అంటున్నాడు, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వాణిజ్య అధికారి మెల్లగా అతని చొక్కా చెయ్యి పైకి తోసి చూశాడు. మోచేతి దగ్గర పాత విరుపు గుర్తు స్పష్టంగా ఉంది.

పక్క బల్ల దగ్గర వేలిముద్రలు వేయిస్తున్న రాయబారి చేతులకంటిన సిరా తుడుచుకుంటూ లేచి వచ్చారు. "ఇన్ని తిట్లు సొంత అక్క తప్ప ఎవరూ తిట్టలేరు. ఇచ్చెయ్యండి" అని సంతకం పెట్టేశారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆయన మొహం వెలిగిపోతోంది. కత్తెరమ్మ వైపు తిరిగి, "నా ఉద్యోగం మొదలైంది ఇలాంటి కౌంటరులోనే అమ్మా. మేడెక్కాక మళ్ళీ దిగడం తెలియలేదు" అన్నారు.

కానీ ప్రయాణపత్రం ఒక్కటీ సరిపోదు. దాని మీద ఆ దేశపు వలస కార్యాలయం ముద్ర పడితేగాని విమానాశ్రయంలో వదలరు. వదిన పొద్దుటినుంచి ఆ ఆఫీసుకి ఫోన్ చేస్తూనే ఉంది. ప్రతిసారీ ఒకటే జవాబు. మా అధికారి హోదా పెద్దది, మీ హోదా చాలదు, అంతటివాళ్ళే మాట్లాడాలి. నాలుగోసారి వదిన ఫోన్ పెట్టేసి, పళ్ళు బిగించి కత్తెరమ్మ వైపు చూసింది. నేరుగా రాయబారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన సిరా వేళ్ళతోనే ఫోన్ అందుకుని రెండు ముక్కలు మాట్లాడారు. సాయంత్రానికి ముద్ర పట్టుకుని ఒక అధికారి వచ్చి వీళ్ళ హాల్లోనే ఒక మూల కూర్చున్నాడు.

ఆ తర్వాత పని ఏరులా పారింది. ఒక చివర మనిషి లోపలికి వస్తే, ఇంకో చివర పత్రం పట్టుకుని గంతులేస్తూ బయటికి వెళ్తున్నాడు. నెలాఖరు గడిచేసరికి వీధి ఖాళీ అయింది. కాగితం అందనివాడు ఒక్కడు కూడా మిగల్లేదు. ఆ సాయంత్రం వాణిజ్య అధికారి, గుమాస్తాలు, వదిన, అందరూ హాల్లో నేల మీదే చతికిలబడి టీ తాగుతూ పిల్లల్లా నవ్వుకున్నారు. ప్రోటోకాల్ అధికారి మాత్రం నడుంనొప్పని ముందే వెళ్ళిపోయాడు.

రాయాల్సిన సమయం వచ్చింది. ఇంట్లో వదిన బాల్కనీలో కూర్చుని ఉంటే కత్తెరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"వదినా, నిజం చెప్తాను. నీ దగ్గర ఇద్దరిని తీసేద్దామనే వచ్చాను."

"తెలుసు."

"ఇప్పుడేమో పదిమందిని ఇవ్వాలనిపిస్తోంది."

"అది ఇంకా పెద్ద తప్పు" అంది వదిన. "వరదొచ్చిన రోజు చూసి వంతెన అంత పొడుగు పడవ కొనుక్కుంటామా? ఇలాంటి వారం మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. మామూలు రోజుల్లో పదిమందినీ పెట్టుకుని నేనేం చెయ్యను, గోళ్ళు గిల్లుకోనా? కిందికి ఇద్దరు ముగ్గురొస్తే చాలు. మేడ మీదవాళ్ళందరికీ ఈ పని నేర్పించి ఉంచితే అవసరానికి దిగుతారు."

కత్తెరమ్మ తలూపింది. చెప్పాల్సింది ఇంకా ఉంది, అది పెదవి దాటడం లేదు.

"నా కుర్చీ గురించి కదూ?" అంది వదినే. "నా హోదా చాలదని ఆ వలస ఆఫీసువాళ్ళు అనడం నువ్వూ చూశావు. ఈ ఊళ్ళో ఈ కుర్చీలో నాకంటే పెద్ద హోదా మనిషి కూర్చోవాలి. లేకపోతే ప్రతిసారీ రాయబారిగారిని పిలవాలి."

"అలా రాస్తే నువ్వు ఇక్కడినుంచి వెళ్ళాలి వదినా."

"రాయకపోతే నేను నిన్ను మనిషిగా లెక్కచెయ్యను" అంది వదిన. "బాధ లేదని అనను. ఈ కౌంటర్లు నేను చక్కదిద్దుకున్నవి. కానీ నిజాన్ని తలకిందులు చేసి రాస్తే వరసలో నిలబడ్డవాడే నష్టపోతాడు." తర్వాత మొహం అటు తిప్పుకుని, "మీ అన్నయ్యకి మాత్రం నువ్వే చెప్పు. వంటగది మళ్ళీ సర్దాలంటే నామీద అరుస్తాడు" అంది. కత్తెరమ్మ ఆమె భుజం మీద తల వాల్చింది. వదిన పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోలేదు.

మేడ మీది కుర్చీల్లో మూడు శాశ్వతంగా కిందికి రావాలని, రెండు తీసెయ్యాలని, మేడ మీద మిగిలినవాళ్ళంతా నెలకోసారి కౌంటరులో కూర్చోవాలని ఆమె రాసింది. వదిన కుర్చీ సంగతి డైరెక్టరు చెప్పినట్టే విడిగా రాసింది. నకలు రాయబారికి చూపిస్తే ఆయన చాలాసేపు చదివారు.

"ఇద్దరిని అడిగితే అయిదుగురిని లాక్కుంటున్నారు. పట్టపగలు దోపిడీ కాదూ ఇది?"

"అవునండి."

"ఈ నెలకోసారి కూర్చునేవాళ్ళలో రాయబారి కూడా అని చేర్చండి" అన్నారాయన. "లేకపోతే వీళ్ళెవరూ దిగరు." వాణిజ్య అధికారి తన మనుషులిద్దరు పోతున్నారని చివరిదాకా వాదించాడు. ప్రోటోకాల్ అధికారి అయితే వీడ్కోలు చెప్పడానికి కూడా రాలేదు. పోయే కుర్చీల్లో ఒకటి అతనిదే.

తిరుగు ప్రయాణంలో విమానం నిండా వాళ్ళే. ప్రయాణపత్రాలు చొక్కా జేబుల్లోనుంచి తీసి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఫోటోల్లో ఎవరు ఎక్కువ నవ్వారని పందాలు వేసుకుంటున్నారు. నేల కనపడగానే ఎవరో కేక పెట్టారు. చక్రాలు తగలగానే విమానమంతా ఒక్క గొంతుతో అరిచింది. కత్తెరమ్మ కూడా అరిచింది, పక్కనున్నది ఎవరో చూసుకోకుండా చెయ్యి పట్టుకుని మరీ అరిచింది.

డైరెక్టరు ఆ కాగితం మీద ఒక్క మాట మార్చారు. తీసెయ్యాలన్న రెండు కుర్చీల్లో ఒకదాన్ని ఇంకో దేశానికి పంపారు. అక్కడ శాఖ కొత్తగా చిన్న కాన్సులర్ కార్యాలయం తెరుస్తోంది, దాని అధిపతిగా వదిన హోదా సరిగ్గా సరిపోతుంది. ఆ పేరు కత్తెరమ్మ సూచించలేదు, సూచించే హక్కు ఆమెకు లేదు కూడా. వదిన బదిలీ కాగితం చూశాకే ఆమెకూ తెలిసింది. బల్ల మీద రెండు చేతులూ కొట్టి లేచి నిలబడింది. గదిలోవాళ్ళు ఎవరి కుర్చీ పోయిందోనని ఉలిక్కిపడి చూశారు.

కొన్ని వారాలకు వదిన ఫోన్ చేసింది. వెనకాల సుత్తి దెబ్బలు, అన్నయ్య ఎవరినో కేకలెయ్యడం వినిపిస్తున్నాయి.

"కౌంటరుకి అద్దం బిగిస్తున్నారు అమ్మాయ్! కొంచెం కిందికి పెట్టించాను, పొట్టివాళ్ళకి కూడా మొహం కనపడాలిగా. ఇంకా రంగు ఆరలేదు, బయట అప్పుడే ముగ్గురు నిలబడ్డారు!"

"మరి ఫోన్లో ఏం చేస్తున్నావు? వెళ్ళి తలుపు తియ్యి!" అంది కత్తెరమ్మ.